సంక్రాంతి బొమ్మల కొలువు: పాత పెట్టెలో బొమ్మలా, కొత్త థీమా?

కాకినాడకాజా | డిసెంబర్ 27, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. ఈ సంక్రాంతి నుంచి బొమ్మల కొలువు బాధ్యత నా మీద పడింది. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. "ఇక నావల్ల కాదమ్మా, నువ్వే పెట్టుకో" అని బొమ్మల పెట్టె మా మరిది కారులో ఎక్కించి పంపించేశారు. మాది మియాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. సోఫా, టీవీ పోగా హాల్లో మిగిలేది ఒక్క గోడ.

నిన్న పెట్టె తెరిచాం. అన్నీ పాత పంచెల ముక్కల్లో, ఆంధ్రపత్రిక కాగితాల్లో చుట్టి ఉన్నాయి. బొమ్మలు విప్పడం నా పని, ఆ కాగితాల్లో సినిమా ప్రకటనలు చదవడం మా ఆయన పని. కొండపల్లి దశావతారాలు (కల్కి గుర్రానికి తోక ఊడింది), అంబారీ ఏనుగు, లక్కపిడతలు, తలాడించే తాతా బామ్మా, పింగాణీ పిల్లి, సెల్యులాయిడ్ పాప, అగ్గిపెట్టెలతో చేసిన రైలు. వీటన్నిటికన్నా పెద్ద సైజులో ఒక ప్లాస్టిక్ పోలీసు!

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. దానికి ఇవి నచ్చలేదు. "ఒకదానికొకటి మ్యాచ్ అవట్లేదమ్మా, థీమ్ పెడదాం" అని ఆన్‌లైన్‌లో సీతాకల్యాణం సెట్టు చూపించింది. బాగుంది, కాదనను. కానీ పెట్టె అంతా మళ్లీ అటకెక్కించడానికి మనసు రావట్లేదు.

అడగాల్సినవి: ఇంత తక్కువ చోటులో మెట్లు ఎలా కట్టాలి? విరిగిన బొమ్మలు పెట్టొచ్చా? మీ ఇళ్లలో ఎలా పెట్టేవారో కూడా చెప్పండి, చదవాలని ఉంది.

గోదారిగట్టు | డిసెంబర్ 27, రాత్రి 10:02

కాజా గారూ, మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి. మూడు చాలు, ఏడూ తొమ్మిదీ పెద్ద లోగిళ్లకి. అడుగున రేకు పెట్టెలు, దాని మీద సూట్‌కేసు, ఆ పైన పాత ట్యూషన్ పుస్తకాల కట్టలు. పైన తెల్ల పంచె ఒక్కటే ముక్కగా పరిచి, మడతల్లో గుండుసూదులు గుచ్చితే లోపల ఏముందో ఎవరికీ తెలీదు. మా అమ్మ అడుగు మెట్టుకి బియ్యం డబ్బాలు వాడేది. పండగ మూడు రోజులూ వండడానికి బియ్యం ముందే వేరే గిన్నెలోకి తీసి పెట్టుకునేది.

నా చిన్నతనం రాజోలు దగ్గర మా అమ్మమ్మ గారింట్లో. బొమ్మలకన్నా నాకు గుర్తున్నది కొలువు ముందు వేసే ఊరు. ఇత్తడి పళ్లెంలో గోదారి ఇసక పోసి రాగులు, ఆవాలు చల్లేవాళ్లం. భోగి నాటికి పచ్చగా రావాలంటే వారం ముందే చల్లాలి. పొద్దునా సాయంత్రం తడి చెయ్యి విదిలించడమే, నీళ్లు పోస్తే కుళ్లిపోతాయి. మధ్యలో మా తాతగారు గడ్డం గీసుకునే అద్దం పెడితే చెరువు. అద్దం అంచులు కనపడకుండా ఇసక కప్పి, దాని మీద ప్లాస్టిక్ బాతులు. పండగ మూడు రోజులూ తాతగారికి గడ్డం లేదు. అద్దం ఇమ్మంటే పిల్లలం ఏడుస్తామని ఆయనే అడిగేవారు కాదు.

పోలీసుని ఆ ఊళ్లో నిలబెట్టండి. ఊరన్నాక పోలీసు ఉండడా?

లెక్కలమాస్టారు | డిసెంబర్ 28, ఉదయం 6:20

పేరుకి లెక్కలు గానీ నేను చెప్పింది రసాయనశాస్త్రం. అందుకే ముందు ఒక హెచ్చరిక. కాజా గారూ, మీ సెల్యులాయిడ్ పాపని దీపానికీ హారతికీ దూరంగా పెట్టండి. పాతకాలం సెల్యులాయిడ్ నిప్పు తగిలితే భగ్గున అంటుకుంటుంది. పై మెట్టు మీద ఓ మూల పెట్టి, అక్కడ బల్బు కూడా లేకుండా చూసుకోండి.

రెండోది లక్కపిడతల గురించి. వాటిని శానిటైజర్ పెట్టి తుడవకండి, లక్క స్పిరిట్‌కి కరుగుతుంది. పొడి గుడ్డ మీద ఒక్క చుక్క కొబ్బరినూనె వేసి రుద్దితే పాత మెరుపు వస్తుంది.

మాది విజయనగరం వైపు. లక్కబొమ్మలు చేసే ఏటికొప్పాక ఎలమంచిలి దగ్గర, వరాహ నది ఒడ్డున ఉంటుంది. ఓసారి నాన్న నన్ను అక్కడికి తీసుకెళ్లారు. అంకుడు కర్ర ముక్క చట్రం మీద గిర్రున తిరుగుతుంటే పనివాడు రంగు లక్క కడ్డీని దానికి ఆనించేవాడు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్ర చుట్టూ పట్టేసేది. కళ్ల ముందే తెల్ల కర్ర ఎర్ర చెంబైపోయింది. నేను కదలనని మొండికేస్తే ఆ చెంబే కొనిచ్చారు. ఇప్పటికీ మా కొలువులో వంటింటి సామాను వరసలో అదే పెద్దది. ఆ ఊరి బొమ్మలకి 2017లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. గింజలు, బెరళ్లు, ఆకుల నుంచి తీసే రంగుల మీద ఎంతో కృషి చేసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

కొలువు ఆడవాళ్ల పేరంటం అంటారు గానీ, మా ఇంట్లో రైలు పట్టాలు, సీరియల్ బల్బులు, గుట్ట మీద గుడి మగపిల్లల పనులే. గుట్ట ఎలాగంటారా? ముడతలు పడేలా నలిపిన గోధుమరంగు అట్టకాగితం, దాని మీద అక్కడక్కడా తడి సున్నం.

బెజవాడబుల్లెట్ | డిసెంబర్ 28, ఉదయం 11:48

కల్కి గుర్రం తోక నాకొదిలెయ్యండి అక్కా.

కొండపల్లి బొమ్మ ఒకే చెక్కలో చెక్కింది కాదు. తెల్ల పొణికి చెక్క చాలా తేలిక, చేత్తో పట్టుకుంటే బరువే తెలీదు. కాళ్లు, చేతులు, తోక విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపప్పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆరాక సున్నం పూత, దాని మీద రంగులు. కాబట్టి ఊడేది అతుకు దగ్గరే. తోక ముక్క పెట్టె అడుగున వెతకండి, కచ్చితంగా ఉంటుంది. దొరికితే ఫెవికాల్‌లో సన్న రంపప్పొట్టు కలిపి అతికించి రాత్రంతా కదపకుండా ఉంచండి. నీళ్లతో మాత్రం కడగొద్దు, రంగు పెచ్చులుగా లేచిపోతుంది. మెత్తటి బ్రష్షుతో దులపండి చాలు.

తోక దొరక్కపోతే కొండపల్లి బొమ్మల కాలనీకి పట్టుకెళ్లండి. బెజవాడ నుంచి 20 కిలోమీటర్ల పైచిలుకు, అంతే. అరుగుల మీదే పని చేస్తుంటారు. పాత బొమ్మ చూపిస్తే అది ఎవరి చేతి పనో కొందరు పెద్దవాళ్లు ముక్కు చూసి చెప్పేస్తారు.

ఓరుగల్లుపిల్ల | డిసెంబర్ 28, సాయంత్రం 4:30

మా దిక్కు కొలువు పెట్టేవాళ్లు దసరాకే పెడతారండీ. మాది హనుమకొండ. మా ఇంట్లో బొమ్మలు తక్కువ, పువ్వులు ఎక్కువ. ఆ తొమ్మిది రోజులూ బతుకమ్మ పేర్చడంలోనే పొద్దుపోయేది. నాన్న, చిన్నాన్న తెల్లవారకముందే సైకిళ్ల మీద పోయి గునుగు, తంగేడు తెచ్చేవాళ్లు. గునుగు పువ్వు కట్టలు కట్టి కొసలు సమంగా కోసి రంగు నీళ్లలో ముంచడం మా అక్కచెల్లెళ్ల పని. వారమైనా మా వేళ్లకు గులాబీ, ఆకుపచ్చ రంగులు పోయేవి కావు. బడి తెరిచాక టీచర్ చేతులు చూసి ఎవరింట్లో బతుకమ్మ పెద్దదో చెప్పేది.

బొమ్మల్లో మాకున్నవి నిర్మల్ కూరగాయలు. బెండకాయ, వంకాయ, సీతాఫలం. సీతాఫలం నిజమైనదనుకొని మా తమ్ముడు కొరికిండు. పంటి గాటు ఇంకా ఉంది. అది కనపడేటట్టే పెడతది మా అమ్మ.

కాజా గారూ, మీ పాపకు చెప్పండి, థీమ్ సెట్టు మీద పంటి గాటు ఉండదని.

కొత్తకోడలు | డిసెంబర్ 28, రాత్రి 8:11

నాదో సందేహం. మా పుట్టింట్లో కొలువు లేదు, అత్తారింట్లోనూ లేదు. నాకు పెట్టాలని ఎప్పటి నుంచో ఆశ. ఆనవాయితీ లేనివాళ్లు మొదలుపెట్టకూడదని పక్కింటి పిన్నిగారు అన్నారు. నిజమేనా?

గోదారిగట్టు | డిసెంబర్ 28, రాత్రి 8:40

పెద్దవాళ్లు అలాగే అంటారమ్మా. మొదలుపెడితే ఏటా పెట్టాలి, మధ్యలో మానకూడదు. అందుకే ఆలోచించుకోమంటారు. మా ఇంట్లో మైల వచ్చిన ఏడు కూడా, శుద్ధి అయ్యాక ఏదో ఒక రోజు రెండు బొమ్మలు బయటికి తీసి ఓ పూట ఉంచేవాళ్లు.

మైలాపూర్‌మాధవి | డిసెంబర్ 28, రాత్రి 9:25

పెద్దావిడ మీద గౌరవంతోనే చెబుతున్నా, నేను ఒప్పుకోను. ఆనవాయితీ ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా, ఎవరో ఒక ముత్తవ్వ మొదటిసారి పెట్టబట్టే వచ్చింది. మీ అత్తగారిని ఒక్క మాట అడగండి. ఆవిడ సరేనంటే మూడు మెట్లతో మొదలుపెట్టండి. ఏటా కనీసం ఒక్క కొత్త బొమ్మ కొనడం చాలా ఇళ్లలో ఉన్న పద్ధతే. ఆ లెక్కన పదేళ్లకి మీ పెట్టే నిండుతుంది.

మేం చెన్నైలో తెలుగువాళ్లం. ఇక్కడ కొలువు నవరాత్రికి. మైలాపూర్ నార్త్ మాడ వీధిలో పండగ ముందు వరసగా బొమ్మల దుకాణాలు వెలుస్తాయి. మా అమ్మ పెళ్లికి ఇచ్చిన ఎర్రచందనం దంపతులే మా కొలువులో మొదట కూర్చునేది. వాళ్లకి ఏటా కొత్త బట్టలు కుట్టాలి. నా పట్టు జాకెట్టు ముక్క మిగిలితే అమ్మవారి బొమ్మకి పరికిణీ. నా పెళ్లి చీర జాకెట్టు ఏ రంగో మర్చిపోయినా ఆ బొమ్మ చూస్తే తెలిసిపోతుంది.

కాజా గారికి: మడతపెట్టే స్టీల్ మెట్లు దొరుకుతున్నాయి. పండగయ్యాక మంచం కింద పెట్టేయొచ్చు.

నిర్వాహకుడు | డిసెంబర్ 28, రాత్రి 11:05

కొలువు ఎవరు పెట్టాలి, ఎవరు పెట్టకూడదు అంటూ కులాల ప్రస్తావనతో వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. బొమ్మల గురించి మాట్లాడుకుందాం.

ఫిరంగిపురంకుర్రాడు | డిసెంబర్ 29, ఉదయం 7:50

నేను ఈ చర్చలోకి రావొచ్చో లేదో అనుకుంటూనే చదువుతున్నా. మాది క్రిస్టియన్ కుటుంబం. మా కొలువు డిసెంబరులో.

పశువుల పాక కట్టేవాళ్లం. వరిగడ్డితో కప్పు, లోపల మరియమ్మ, యోసేపు, గొర్రెల కాపరులు. బాలయేసు బొమ్మని మాత్రం 24 రాత్రి దాకా బీరువాలోనే దాచేది మా నాయనమ్మ. పుట్టకముందే తొట్టిలో ఎలా పెడతామనేది. ముగ్గురు జ్ఞానులు పాక దగ్గరికి ఒక్కసారి రారు. రోజుకి కొంచెం కొంచెం జరుపుకుంటూ వస్తే జనవరి 6కి చేరేవాళ్లు. ఒంటెని ఎవరు జరపాలనే దాని మీద నాకూ మా చెల్లికీ రోజూ గొడవే. గోదారిగట్టు గారూ, మీరు చెప్పిన రాగుల గడ్డి మా పాక ముందు కూడా ఉండేది.

స్టార్ కొనేవాళ్లం కాదు. వెదురు బద్దలు కట్టి, గాలిపటం కాగితం అంటించి, లోపల జీరో బల్బు. మైదా జిగురు వాసనకి ఎలుకలు కొరికేస్తాయని మా నాన్న ఆ మైదాలో కాస్త మైలుతుత్తం కలిపేవాడు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. మాకు ఎద్దుల బొమ్మలుండేవి కావు. వెనకింటి మామ్మ గారి కొండపల్లి ఎడ్లజత డిసెంబరులో మా పాకలోకి వచ్చేది. సంక్రాంతికి ఎడ్లతో పాటు మా గొర్రెలు కూడా వాళ్ల కొలువులోకి వెళ్లేవి, కృష్ణుడి పక్కన నిలబడడానికి. కనుమ అయ్యాక గొర్రెల్ని తెచ్చుకునేవాళ్లం. ఒక ఏడు మామ్మ గారు వాటి మెడలో చిన్న గంటలు కట్టి పంపారు. అవి ఇప్పటికీ తియ్యలేదు.

ఓరుగల్లుపిల్ల | డిసెంబర్ 29, ఉదయం 8:15

ఈ పోస్టు మా అమ్మకి చదివి వినిపించిన. రెండుసార్లు చదివించుకుంది.

డల్లాస్‌డైరీ | డిసెంబర్ 29, రాత్రి 10:30

ఇక్కడ భోగి ఏ వారం వచ్చినా కొలువు శనివారానికే. మా ఐదు మెట్లూ ప్లాస్టిక్ స్టోరేజీ డబ్బాలు. బొమ్మలు ఉండేదీ వాటిలోనే, నిలబడేదీ వాటి మీదే. ఇండియా వెళ్లినప్పుడల్లా ఒక్కో బొమ్మ మేజోడులో దూర్చి, చీరల మధ్య పెట్టి తెస్తాను. పచ్చళ్లకి బరువు సరిపోవట్లేదని మా ఆయన సణుగుడు మామూలే.

భోగిపళ్లకి రేగిపళ్లు దొరకవు. క్రాన్‌బెర్రీలు, బంతి రేకులు, చెరుకు ముక్కలకి బదులు చిన్న చాక్లెట్లు, చిల్లరగా క్వార్టర్లు. పిల్లలు దిష్టి సంగతి పట్టించుకోరు, క్వార్టర్ల కోసం కింద దొర్లి ఏరుకుంటారు. మా అబ్బాయి దశావతారాల వరసలో మత్స్యానికి ముందు ఒక డైనోసార్‌ని పెట్టాడు. తీసేద్దామనుకున్నా గానీ పేరంటానికి వచ్చిన ఓ పెద్దావిడ చూసి "ఉండనివ్వమ్మా, అది ముందే పుట్టింది" అన్నారు. అప్పటి నుంచి దాని చోటు అదే.

థీమ్ గురించి నా మాట: రెండేళ్లు నేనూ థీమ్ పెట్టాను. ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. వచ్చినవాళ్లు "ఎక్కడ కొన్నారు, ఎంత పడింది" అని అడిగి కూర్చున్నారు. పాత బొమ్మలు పెట్టిన ఏడు ఒక్కొక్కళ్లు ఒక్కో బొమ్మ ముందు ఆగి "మా ఇంట్లో ఇలాంటిదే" అని మొదలెడితే భోజనాలు చల్లారిపోయాయి.

లెక్కలమాస్టారు | డిసెంబర్ 30, ఉదయం 6:05

థీమ్ పెడితే తప్పేం లేదండీ, పిల్లలు దగ్గరికి వస్తారు. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం మొత్తం ఏటికొప్పాక బొమ్మలే కదా. అంతకన్నా పెద్ద థీమ్ కొలువు ఉంటుందా? అమ్మాయికి ఒక మెట్టు ఇచ్చేయండి, గొడవ వదులుతుంది.

కాకినాడకాజా | జనవరి 3, రాత్రి 9:40

ఆలస్యంగా వచ్చాను, అందరికీ చాలా థాంక్స్. తోక దొరికింది! బుల్లెట్ తమ్ముడు చెప్పినట్టే పెట్టె అడుగున, లక్క తిరగలి లోపల. అతికించాం. కొంచెం వంకరగా ఉంది, కల్కి ఎదురుగాలిలో వస్తున్నాడనుకోవాలి.

నిన్న మా అత్తగారికి వీడియో కాల్ చేసి ఒక్కో బొమ్మా చూపిస్తూ ఏది ఎక్కడిదని అడిగాం. పది నిమిషాల్లో అయిపోతుందనుకున్నా. ఫోన్ చార్జింగ్ అయిపోయి, వైరు గుచ్చి మళ్లీ మాట్లాడాం. తలాడించే తాతా బామ్మా ఆవిడ పుట్టింటి నుంచి వచ్చినవి. పింగాణీ పిల్లి అసలు కొలువుది కాదు, పక్కింటివాళ్లు ఊరు మారుతూ వదిలేస్తే పాపం అని చేర్చారట. అగ్గిపెట్టెల రైలు మా మరిది టైఫాయిడ్‌తో మంచమెక్కినప్పుడు చేసింది.

ఇక పోలీసు. మా ఆయన చిన్నప్పుడు సామర్లకోట శివరాత్రి తీర్థంలో తప్పిపోతే ఒక కానిస్టేబుల్ ఎత్తుకుని తీసుకొచ్చి అప్పగించాడట. తిరిగొచ్చేటప్పుడు మామగారు ఆ తీర్థంలోనే ఈ బొమ్మ కొని కొలువులో పెట్టించారు. మా ఆయనకి ఈ సంగతి ఇప్పటిదాకా తెలీదు. "ఏంటమ్మా, ఇన్నేళ్లు చెప్పలేదే" అంటే "నువ్వు ఎప్పుడడిగావురా" అన్నారు ఆవిడ.

అదంతా పక్కన కూర్చుని వింది మా అమ్మాయి. సీతాకల్యాణం సెట్టు ఆర్డర్ క్యాన్సిల్ చేయలేదు గానీ, దానికి అడుగు మెట్టు చాలంది. ఇప్పుడు ప్రతి బొమ్మకీ చిన్న అట్టముక్క మీద "ఎవరు కొన్నారు, ఎక్కడ" అని రాస్తోంది. దాని థీమ్ అదేనట. పోలీసు పై మెట్టు కావాలని పట్టుబట్టింది. దేవుళ్ల మెట్టు కాబట్టి కుదరదన్నాను. రెండో మెట్టు మీద రాజీ పడ్డాం.

బెజవాడబుల్లెట్ | జనవరి 3, రాత్రి 9:58

పోలీసుకి సెల్యూట్ అక్కా. తోక ఫొటో పెట్టండి, వంకర ఎంతో చూద్దాం.

కొత్తకోడలు | జనవరి 4, మధ్యాహ్నం 1:20

మా అత్తగారు ఒప్పుకున్నారు!! "నాకూ చిన్నప్పటి నుంచి ఆశేనే, మా అత్తని అడగడానికి భయం" అన్నారు. నిన్న ఇద్దరం లేపాక్షి ఎంపోరియంకి వెళ్లాం. నేను వినాయకుడు తీసుకున్నా, ఆవిడ దంపుళ్ల బొమ్మ తీసుకున్నారు. పేరంటానికి శనగలు ఎన్ని నానబెట్టాలి? పదిహేను మంది వస్తారు.

గోదారిగట్టు | జనవరి 4, మధ్యాహ్నం 2:05

శుభం తల్లీ. కిలో నానబోయ్యి, నానితే రెట్టింపవుతాయి. ముందురోజు రాత్రే పొయ్యాలి. చివరి రోజు హారతి ఇచ్చాక ఒక బొమ్మని పడుకోబెట్టి, మర్నాడు తీసెయ్యండి. మీ అత్తగారి చేత పడుకోబెట్టించు.

మైలాపూర్‌మాధవి | జనవరి 4, సాయంత్రం 6:30

తీసి సర్దేటప్పుడు కలరా ఉండలు నేరుగా బొమ్మలకి తగలనివ్వకండి, రంగు అంటుకుపోతుంది. గుడ్డ మూటలో కట్టి పెట్టె మూలల్లో పడెయ్యండి.

లెక్కలమాస్టారు | జనవరి 5, ఉదయం 6:10

మేం ఎండు వేపాకూ వస కొమ్మే వాడతాం. కలరా ఉండల వాసన మా ఇంటావిడకి పడదు. ఏది వాడినా పెట్టె నేల మీద పెట్టొద్దు, కింద రెండు ఇటుకలు వేసి పెట్టండి, చెద అక్కడి నుంచే ఎక్కుతుంది. సీరియల్ బల్బులు కొనేవాళ్లు దుకాణంలోనే పెట్టించి చూసుకోండి. పోయినేడు నేను కొన్న దండ హారతి మధ్యలో ఆరిపోయింది.